సముద్రం మీది దుమ్ము

కోవిల్‌పట్టి నుంచి విరుదునగరానికి రైలులో ఆఫీసుకు పోయివచ్చే మాకు దుమ్ము కొత్తగాదు. సాత్తూరు చేరేసరికే చొక్కా కాలరు నల్లరేగడి రంగు తిరుగుతుంది. కాని మొన్న మా అబ్బాయి, "నీళ్లమీద దుమ్మెక్కడిది నాన్నా?" అని అడిగితే వెంటనే జవాబు తోచలేదు. చదివి తెలుసుకున్నది నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు ముక్కలు.

వేసవిలో అరేబియా ఎడారుల దుమ్ము గాలికెక్కి అరేబియా సముద్రం మీదికి వస్తుంది. పైనుంచి చూస్తే సముద్రజలం నల్లగా వుంటుంది గనుక, ఉపగ్రహం పగలు తీసిన ఛాయాచిత్రంలో దుమ్ము గోధుమరంగు తెరలాగా కనబడుతుంది. మరి రాత్రి మాటేమిటి? అప్పుడు కంటికి కనబడని పరారుణ కిరణాలే గతి. సముద్రం నుంచి పైకి వచ్చే 11, 12 మైక్రాన్ల కిరణాలను కొలుస్తారు. పల్చని మేఘం 12ను ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎడారి దుమ్ము 11ను. తేడా తారుమారైతే అది దుమ్మని గుర్తు. 2016లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఇన్సాట్-3డీఆర్‌లో ఈ రెండు కొలతలకూ ఏర్పాటు చేశారు.

ఇదంతా మనకెందుకంటారా? ఆ దుమ్ము ఎండను పీల్చి గాలిని వేడెక్కించి, తేమగాలిని మనదేశం వైపు లాగుతుందనీ, వారం లోపల మధ్యభారతంలో వాన పెరుగుతుందనీ 2014లో వి. వినోజ్ ప్రభృతులు ప్రకటించారు. మన కరిసల్ చేలకు వాన ఐప్పసి, కార్తీక మాసాలలో ఈశాన్యం నుంచి రావాలి. ఆ లెక్క మనకు నేరుగా వర్తించదు. అయినా వానకోసం ఆకాశం వంక చూచేవాళ్లం, ఎక్కడి వానైనా మనకు సంతోషమే.

"అయితే దుమ్మును తిట్టగూడదన్నమాట!" అన్నాడు మావాడు. చీపురు చేతబట్టుకున్న వాళ్లమ్మ మాత్రం ఒప్పుకోలేదు.