మీకు తెలుసా? బ్యాగు బరువైతే జేబు తేలిక!

శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రిపూట విమానాల వేళ ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది. కౌంటర్ పక్కన నేల మీద సూట్‌కేస్ తెరిచి ఉంటుంది. ఆవకాయ సీసా తీయాలా, కొత్త చీరలు తీయాలా అని ఇంటిల్లిపాదీ తేల్చుకోలేక నిలబడి ఉంటారు. వెనక క్యూ పెరుగుతుంటుంది. చివరికి అడిగినంత కట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. ఆ డబ్బులో చాలా భాగం ముందురోజు ఇంట్లో పావుగంట కూర్చుంటే మిగిలేదే. అందుకు పనికొచ్చే సంగతులు కొన్ని.

ఒకప్పుడు కిలోకు ఒక శాతం

అంతర్జాతీయ విమానాల్లో చాలాకాలం ఒకే లెక్క నడిచింది. సామాను అనుమతించిన బరువు దాటితే, కిలోకు ఫస్ట్ క్లాస్ టికెట్ ధరలో ఒక శాతం కట్టాలి. అంటే మీరు ఎకానమీలో కూర్చున్నా, మీ పెట్టె మాత్రం ఫస్ట్ క్లాస్ ధరకే ప్రయాణించేది! ఇప్పుడు ఆ ఉమ్మడి లెక్క లేదు. ఏ సంస్థ ధర ఆ సంస్థదే.

వంద రూపాయల హద్దు నిలవలేదు

మన దేశంలో 15 కిలోలు దాటి 20 కిలోల దాకా ఉండే అదనపు బరువుకు, కిలోకు 100 రూపాయలకు మించి తీసుకోకూడదని 2016లో పౌర విమానయాన డైరెక్టరేట్ ఆదేశించింది. విమాన సంస్థలు కోర్టుకు వెళ్లాయి. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి ధర నిర్ణయం సంస్థల చేతిలోనే ఉంది. కాబట్టి మనకు మిగిలిన ఆయుధం ఒక్కటే, ముందుగా కొనడం. అదే కిలోను వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ముందే కొంటే ఒక ధర, కౌంటర్ దగ్గర కొంటే అంతకంటే ఎక్కువ ధర. ముందస్తు కొనుగోలును విమానం బయల్దేరడానికి కొన్ని గంటల ముందే ఆపేస్తారు. క్యాబ్‌లో కూర్చుని చూద్దాంలే అనుకుంటే ఆ వేళ దాటిపోవచ్చు.

చవక టికెట్‌లో సామాను ఉందా?

దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌కు 15 కిలోల సామాను, 7 కిలోల చేతిబ్యాగు అన్నది మనకు అలవాటైన లెక్క. కానీ కౌంటర్ దగ్గర అప్పగించే సామాను లేకుండా, చేతిబ్యాగుతో మాత్రమే వెళ్లేవారికి టికెట్ తగ్గించి అమ్ముకోవచ్చని 2021 ఫిబ్రవరిలో సంస్థలకు అనుమతి వచ్చింది. టికెట్ కొనేటప్పుడు ధర పక్కన ఎన్ని కిలోలు రాసి ఉందో చూడండి. అక్కడ సున్నా ఉంటే, కౌంటర్ దగ్గర పెట్టే ప్రతి కిలో అదనపు కిలోయే.

గల్ఫ్ లెక్క వేరు, అమెరికా లెక్క వేరు

గల్ఫ్ విమానాల్లో ఎక్కువగా మొత్తం బరువు చూస్తారు. మీకు 30 కిలోలు ఇస్తే, ఆ మొత్తం లోపల ఉంటే చాలు. అమెరికా, కెనడా వెళ్లేవాటిలో పెట్టెల లెక్క. చాలా ఎకానమీ టికెట్లలో ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు మించకూడదు. అందుకే అమ్మ పెట్టెలో 26, నాన్న పెట్టెలో 20 ఉంటే, కలిపి 46 కిలోలే కదా అని వాదించినా ఫలితం ఉండదు. 26 కిలోల పెట్టెకు డబ్బు కట్టాల్సిందే. మూడు కిలోలు ఇటునుంచి అటు మారిస్తే పైసా ఖర్చు లేదు. మొత్తం బరువు చూసే విమానాల్లో మాత్రం ఒకే పీఎన్‌ఆర్ మీద వెళ్లే కుటుంబానికి కిలోలు కలిపి లెక్కగట్టే సంస్థలు చాలానే ఉన్నాయి. కాబట్టి వీలైతే అందరికీ ఒకే బుకింగ్ చేయించుకోండి.

32 దాటితే డబ్బిచ్చినా తీసుకోరు

అదనపు రుసుము కట్టినా, ఒక్క పెట్టెలో 32 కిలోలకు మించి ఉంటే చాలా సంస్థలు సామానుగా తీసుకోవు. కారణం విమానం కాదు, మనిషి నడుము. ఆ పెట్టెను ఎత్తి విమానంలోకి చేర్చే కార్మికుల ఆరోగ్యం కోసం పెట్టిన హద్దు అది. రెండుగా సర్దండి.

ఒకే టికెట్‌లో ఉన్న లాభం

విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి అమెరికా వెళ్లే ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే, సాధారణంగా విశాఖలోనే అంతర్జాతీయ సామాను లెక్క వర్తిస్తుంది. విడివిడిగా కొంటే ఢిల్లీ దాకా మీకున్నది ఆ 15 కిలోలే. చవకగా వచ్చిందని విడిగా కొన్న టికెట్ ఇక్కడే ఖరీదవుతుంది. అమెరికా లోపలి ప్రయాణానికీ ఇదే సూత్రం. అక్కడ మొదటి బ్యాగుకే డబ్బు తీసుకునే పద్ధతిని పెద్ద సంస్థల్లో ముందుగా 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తెచ్చింది. రెండు బ్యాగులు ఉచితమని ఏళ్ల తరబడి చెప్పుకున్న సౌత్‌వెస్ట్ కూడా 2025 మే నెలాఖరు నుంచి చాలా టికెట్లకు ఆ ఉచితాన్ని ఆపేసింది.

విద్యార్థులూ, అడగండి

చదువుకోసం వెళ్లేవారికి అదనపు సామానుతో విద్యార్థి టికెట్లను ఇండిగో, ఎయిర్ ఇండియా అమ్ముతున్నాయి. టికెట్ కొనేటప్పుడే ‘స్టూడెంట్’ అని ఎంచుకోవాలి, ప్రయాణం రోజున గుర్తింపు కార్డు చూపించాలి. తర్వాత గుర్తొచ్చి అడిగితే ఆ కిలోలు రావు.

తాళ్లు కట్టిన మూటలు

అట్టపెట్టె బరువు తక్కువ కాబట్టి మనవాళ్లకు ఇష్టం. మంచి ఆలోచనే. ఖాళీ సూట్‌కేసే నాలుగైదు కిలోలు తూగితే, 23లో మన సరుకుకు మిగిలేది 18, 19 కిలోలే. అయితే దుబాయ్ విమానాశ్రయంలో 2017 మార్చి నుంచి గుండ్రంగా, ఆకారం లేకుండా, ఒక్క వైపైనా చదునుగా లేని సామానును తీసుకోవడం లేదు. సెలవుకు ఇంటికొచ్చే కార్మిక సోదరులు దుప్పట్లో మూటకట్టే బదులు పెట్టెలో సర్దుకుంటే, కౌంటర్ దగ్గర మళ్లీ సర్దించుకునే ఖర్చు తప్పుతుంది.

డబ్బు కట్టి మోసి, చెత్తబుట్టలో వేయొద్దు

ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. దానంతటది వేడెక్కి మండే గుణం ఉండటంతో అది ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది. అందుకే మన పొడుల మూటలో రెండు కొబ్బరి చిప్పలు ఉన్నా పెట్టె తెరిపిస్తారు. పవర్‌బ్యాంక్ ఎప్పుడూ చేతిబ్యాగులోనే ఉండాలి. బరువు తగ్గించే కంగారులో దాన్ని పెద్ద పెట్టెలోకి మార్చేయకండి. అమెరికా వెళ్లేవారు మటన్, చికెన్ పచ్చళ్లు, పచ్చి కరివేపాకు తీసుకెళ్లకండి. ఆ దేశంలోకి వాటిని రానివ్వరు.

బ్యాగు ఆలస్యమైతే రుసుము వెనక్కి

అమెరికా రవాణా శాఖ 2024లో ఒక నియమం తెచ్చింది. అక్కడి దేశీయ ప్రయాణంలో విమానం దిగిన 12 గంటల్లోగా బ్యాగు అందకపోతే, దానికి కట్టిన రుసుము తిరిగి ఇవ్వాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు విమానం ఎన్ని గంటలు ఎగురుతుందన్న దాన్ని బట్టి 15 లేదా 30 గంటలు. బ్యాగు రాలేదని విమానాశ్రయంలోనే ఫిర్యాదు రాయించి, రసీదు దాచుకోవాలి.

ప్రయాణానికి ముందురోజు

సూట్‌కేస్ తూచే కొక్కెం తక్కువ ధరకే దొరుకుతుంది. అదీ లేకపోతే, మనుషులు తూగే యంత్రం మీద పెట్టె పట్టుకుని నిలబడి, మీ బరువు తీసేయండి. కౌంటర్ కాటాకూ ఇంటి కాటాకూ తేడా రావచ్చు కాబట్టి ప్రతి పెట్టెలో ఒక కిలో తక్కువే ఉంచండి. అయినా ఎక్కువైతే, ఆ రాత్రే ఆన్‌లైన్‌లో కొనేయండి. బిడ్డ కోసం అమ్మ రోజుల తరబడి దంచి, కలిపి, కట్టి ఇచ్చిన పొట్లం ఏదీ కౌంటర్ దగ్గర నేల మీద మిగిలిపోకూడదు.