ఏం లేదులే... తర్వాత చెప్తా!

సంక్రాంతి పండగ. అక్కలూ బావలూ పిన్నులూ బాబాయిలూ... ఇల్లంతా సందడి. భోజనాలయ్యాక అందరూ వసారాలో చేరారు. పెద్దబావ ఏదో అన్నాడు. అంతే, ఒక్కసారిగా నవ్వులు. పిన్ని అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది. ఆ గుంపులోనే కూర్చున్న ఓ అమ్మాయి మాత్రం ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. తనూ నవ్వింది... అందరూ నవ్వుతున్నారు కాబట్టి. తర్వాత పక్కనున్న అక్క మోచేతిని తట్టి ‘ఏంటట?’ అన్నట్టు చెయ్యి తిప్పింది. నవ్వాపుకోలేక అక్క చెయ్యి ఊపేసింది... ‘ఏం లేదులే, తర్వాత చెప్తా!’

ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాదు.

ఆ అమ్మాయికి పేరు అక్కర్లేదు. వినపడనివాళ్లున్న ఏ ఇంట్లోనైనా పండక్కీ పెళ్లికీ కనిపించే దృశ్యమే ఇది. పుట్టుకతోనే వినపడనివారైనా, అరవై దాటాక చెవి మందగించినవారైనా చెప్పుకునే బాధ ఒకటే. శబ్దం లేకపోవడం కన్నా, అయినవాళ్ల మధ్యలోనే ఒంటరిగా మిగిలిపోవడం కష్టం. చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్‌ కూడా ఆ రెంటిలో చెవుడే పెద్ద కష్టమని భావించింది. చూపు లేకపోతే మనిషి వస్తువులకు దూరమవుతాడు, వినికిడి లేకపోతే మనుషులకే దూరమవుతాడన్నది ఆమె అనుభవం.

శంఖం ఊదినవాడి తప్పేం లేదా?

కళ్లు లేనివారిని చూస్తే ‘అయ్యో’ అంటాం. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. వినపడనివారి దగ్గరకొచ్చేసరికి మాత్రం నవ్వొస్తుంది! ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అంటాం. ఏమీ తెలియనివాణ్ని ‘చెవిటి మాలోకం’ అంటాం. ఒకటడిగితే ఇంకోటి చెప్పే చెవిటి తాతయ్య పాత్ర లేకపోతే మన నాటకాల్లో, సినిమాల్లో హాస్యం పండదనుకున్న రోజులున్నాయి. చెవుడు పైకి కనిపించదు. చేతికర్ర ఉండదు, నల్లకళ్లద్దాలు ఉండవు. అందుకే పిలిస్తే పలకనివాడు పొగరుబోతులా, ఒకటికి రెండుసార్లు అడిగేవాడు మందమతిలా కనిపిస్తాడు.

‘మూగ’ అనేది ఇంకో పొరపాటు. పుట్టుకతో వినపడని చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు. మాట అనేది విని నేర్చుకునే విద్య. అమ్మ మాట చెవిన పడితేనే కదా బిడ్డ ‘అమ్మా’ అనేది!

ఇలాంటివారు ఎక్కడో దూరంగా లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైమాటే. ప్రపంచవ్యాప్తంగా 43 కోట్లమందికి పైగా వినికిడి సమస్యతో సాయం అవసరమైన స్థితిలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది.

పాట... బాట... మాట

‘పెదాలు చూసి తెలుసుకుంటారుగా’ అంటారు చాలామంది. అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా మూడు మాటలు అనిచూడండి... పాట, బాట, మాట. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. ‘పాప’కీ ‘మామ’కీ తేడా కనిపించదు. ఇక క, గ లాంటి అక్షరాలైతే నోటి లోపలే పుడతాయి. పెదాల మీదకు రానేరావు. కనిపించిన కొంచెంతో మిగతాదంతా ఊహించుకోవాలి. అవతలివాళ్లు తల తిప్పినా, నోట్లో కిళ్లీ ఉన్నా, గుబురు మీసాలున్నా ఆ కాస్తా పోయినట్టే. 2020లో కరోనా వచ్చి అందరి మూతులకీ మాస్కులు పడినప్పుడు, పెదాలనే నమ్ముకున్నవారికి లోకం ఇంకాస్త మూసుకుపోయింది.

వయసుతో వచ్చే చెవుడు మరో రకం. ఇందులో ముందు పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. స, ష లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చుల మోత మిగులుతుంది. అందుకే ‘వినబడుతోందిరా, ఏమంటున్నావో అర్థం కావట్లేదు’ అంటాడు తాతయ్య. మనం గట్టిగా అరుస్తాం. అరుపుకి మాట ఇంకా వంకరపోతుంది. పైగా పెద్దాయనకి మనం కసురుకున్నట్టు కనిపిస్తుంది. నాలుగుసార్లు అలా అయ్యాక ఆయనే అడగటం మానేస్తాడు. పేపరు పట్టుకుని గదిలోకి వెళ్లిపోతాడు. ‘తాతయ్యకి ఈమధ్య చిరాకెక్కువైంది’ అని మనం తీర్మానించేస్తాం!

దాచుకోవడం గొప్పవాళ్లకీ తప్పలేదు. సంగీత చక్రవర్తి బీథోవెన్‌ 1802లో తమ్ముళ్లకు రాసి, పంపకుండా దాచుకున్న ఉత్తరం ఆయన పోయాక బయటపడింది. ‘నాకు చెవుడు, గట్టిగా మాట్లాడండి’ అని నలుగురిలో చెప్పలేక మనుషులకే దూరంగా ఉంటున్నానని అందులో గోడు వెళ్లబోసుకున్నాడు. అప్పటికి ఆయనకి 31 ఏళ్లు. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు, వినికిడి యంత్రం పెట్టుకోవడానికి మనలో ఈరోజుకీ ఉంది.

చేతులకూ వ్యాకరణం ఉంది

సైగలంటే ఏదో చేతులు తిప్పడం అనుకుంటాం. కాదు, అదో భాష. భారతీయ సంజ్ఞా భాషకి తనదైన వ్యాకరణం ఉంది. అందులో ప్రశ్న పదం చివర్లో వస్తుంది... అచ్చం మన ‘నీ పేరేంటి?’లాగే. కనుబొమలు పైకెత్తితే మామూలు వాక్యమే ప్రశ్న అయిపోతుంది. మొహంలో భావం లేకుండా చేతులు మాత్రమే కదిపితే సగం మాట మింగేసినట్టే.

ఈ భాషని వద్దన్న కాలమూ ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌ నగరంలో బధిరుల ఉపాధ్యాయులు పెద్ద సభ పెట్టి, ఇకమీదట నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. ఆ ప్రభావంతో ఎన్నో దేశాల్లో బడి నుంచి సైగలు వెళ్లిపోయాయి. ఆ తీర్మానం వల్ల జరిగిన హానికి విచారం ప్రకటించడానికి 130 ఏళ్లు పట్టింది... 2010లో కెనడాలోని వాంకూవర్‌ సభలో! మనదగ్గర 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో మూడువేల పదాలతో వచ్చిన దాని నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు పెరిగింది. ఐక్యరాజ్యసమితి ఏటా సెప్టెంబరు 23ని అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవంగా ప్రకటించింది.

ఊరు ఊరంతా సైగలే

అమెరికాలోని మసాచుసెట్స్‌ తీరానికి దగ్గర్లో మార్తాస్‌ విన్‌యార్డ్‌ అనే దీవి ఉంది. అక్కడి కుటుంబాల మధ్యే తరతరాలుగా పెళ్లిళ్లు జరగడంతో పుట్టుచెవుడు ఎక్కువగా ఉండేది. చిల్‌మార్క్‌ అనే ఊళ్లోనైతే ఒక దశలో పాతికమందిలో ఒకరికి వినపడేది కాదు. ఆ ఊరు చేసిన పని ఒక్కటే... వినపడేవాళ్లు కూడా సైగల భాష నేర్చుకున్నారు! కొట్లో బేరాలు, చేపలవేట, పంచాయతీలు, పోసుకోలు కబుర్లు అన్నీ సైగల్లోనూ నడిచేవి. ఆ సంప్రదాయంలో పుట్టిన చివరి బధిరురాలు 1952లో కన్నుమూసింది. తర్వాతెప్పుడో నోరా గ్రోస్‌ అనే పరిశోధకురాలు వెళ్లి అక్కడి వృద్ధుల్ని పాత మనుషుల గురించి అడిగితే, వాళ్లు మంచి జాలరి అనో, మంచి రైతు అనో గుర్తుచేసుకున్నారు. వినపడదన్న సంగతి గుచ్చిగుచ్చి అడిగితే గానీ తట్టలేదు. చెవులు మారలేదు... చుట్టూ ఉన్నవాళ్లు మారారంతే!

గురి తప్పని మనవాడు

అవకాశం అందితే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌ కుర్రాడు ధనుష్‌ శ్రీకాంత్‌కి పుట్టుకతోనే వినపడదు. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌లో స్వర్ణం కొట్టాడు. 2025లో టోక్యోలోనూ అదే విభాగంలో పసిడి తెచ్చాడు. ఈ బధిరుల ఒలింపిక్స్‌ 1924లోనే పారిస్‌లో మొదలయ్యాయి. పోటీలో వినికిడి యంత్రం తీసేయాల్సిందే. ఇక్కడ ఆటగాళ్లకి సంకేతం చెవికి కాదు, కంటికి అందుతుంది.

2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే యువ న్యాయవాది సుప్రీంకోర్టు ముందు సైగలతో వాదన వినిపించారు. పక్కన ఓ అనువాదకుడు ఆ సైగల్ని మాటల్లోకి మార్చారు. వినపడని న్యాయవాది మన అత్యున్నత న్యాయస్థానంలో అలా వాదించడం అదే తొలిసారి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వినికిడి లోపం ఉన్నవారికి ఒక శాతం కేటాయించింది. ఉద్యోగం వస్తుంది సరే... ఆఫీసులో పక్క సీటాయన భోజనాల వేళ ‘ఏం లేదులే’ అనకుండా ఉండాలిగా!

అమ్మానాన్నలు చూసుకోవాల్సింది

వినపడని పిల్లల్లో చాలామంది వినపడే తల్లిదండ్రులకే పుడతారు. అందుకే గుర్తించడం ఆలస్యమవుతుంది. ‘మగపిల్లలకి మాటలు ఆలస్యంలే, వాళ్ల నాన్నకీ అంతే’ అని సరిపెట్టుకునేసరికి విలువైన రెండు మూడేళ్లు కరిగిపోతాయి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స లేదా శిక్షణ మొదలవ్వాలన్నది నిపుణుల లెక్క. నిద్రపోతున్న పసిబిడ్డకి కూడా నొప్పి లేకుండా చేసే పరీక్షలున్నాయి. మేనరికాలు, గర్భిణికి రుబెల్లా సోకడం, పుట్టిన వెంటనే తీవ్రమైన కామెర్లు, మెదడువాపు లాంటివి ఉంటే మరీ జాగ్రత్త పడాలి.

కాక్లియర్‌ ఇంప్లాంట్‌ శస్త్రచికిత్స కొందరు పిల్లలకు బాగా పనికొస్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఎన్నో పేదిళ్లకి ఇది అందింది. అయితే ఆపరేషన్‌ సగం పనే. ఆపైన నెలల తరబడి మాటల శిక్షణ ఇప్పించాలి. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్‌ జంగ్‌ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. యంత్రమా, ఆపరేషనా, సైగలా అన్నది వైద్యుల సలహాతో ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. ఏదైనా సరే, పిల్లలకి చిన్నప్పుడే ఓ భాష అందాలి. భాష లేకుండా బాల్యం గడిచిపోతేనే అసలు నష్టం.

ఇలా చేసి చూడండి

* వెనకనుంచి పిలవకండి. భుజం మీద మెల్లగా తట్టండి. లేదా ఎదురుగా వచ్చి చెయ్యి ఊపండి.

* మీ మొహం మీద వెలుతురు పడేలా నిలబడండి. కిటికీకి వీపు పెడితే పెదాలు కనిపించవు.

* అరవకండి, మరీ సాగదీయకండి. మామూలుగా, కాస్త నెమ్మదిగా మాట్లాడండి.

* ఒకసారి అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మరోలా చెప్పండి. అప్పటికీ కుదరకపోతే కాగితం మీదో ఫోన్లోనో రాసి చూపించండి.

* టీవీ, మిక్సీ కట్టేసి మాట్లాడండి. వినికిడి యంత్రం ఆ మోతనీ పెంచే వినిపిస్తుంది.

* ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి పెదాలని చూడాలి?

* పక్కన అనువాదకులున్నా సరే, చూపు వినపడని వ్యక్తి వైపే ఉండాలి.

* ఇంట్లో అందరూ కలిసి రోజుకో సైగ నేర్చుకోండి. చప్పట్లు బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించడంతో మొదలుపెట్టొచ్చు.

మళ్లీ ఆ వసారాలోకి వద్దాం. పెద్దబావ జోకు నిజంగానే చిన్నది కావచ్చు. రెండోసారి చెబితే అంత నవ్వు రాకపోనూ వచ్చు. అయినా అక్క మోచేతిని తట్టినప్పుడు ఆ అమ్మాయి అడిగింది జోకు ఒక్కటే కాదు... ఆ గుంపులో తన చోటు. వచ్చే పండక్కి మీ ఇంట్లో ఎవరైనా అలా చెయ్యి తిప్పి ‘ఏంటట?’ అంటే, నవ్వు కాసేపు ఆపి అటు తిరగండి. ‘ఏమన్నాడంటే...’ అని మొదలుపెట్టండి!