ఒకే క్లాసు.. మూడు సైన్యాలు

2025 మే 7. తెల్లారేసరికి టీవీలన్నీ ఆపరేషన్ సిందూర్ గురించే చెబుతున్నాయి. నేను హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో పక్క మీద నుంచి లేవకుండానే ఫోన్ చూస్తున్నాను. మా స్కూల్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అప్పటికే వందకు పైగా మెసేజులు. అందరూ అడుగుతున్నది ఒక్కడి గురించే. వాడు ఆర్మీలో మేజర్. పోస్టింగ్ ఎక్కడో వాడు చెప్పడు, మేమూ అడగం. సరిహద్దు వైపని మాత్రం తెలుసు. "ఒరేయ్, బాగున్నావా?" అని విడిగా మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కే పడింది.

వాడూ నేనూ కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లం. పొద్దున్నే పీటీకి లేటైతే గ్రౌండ్ చుట్టూ కలిసే పరిగెత్తేవాళ్లం. ఎన్‌డీఏ పరీక్ష కలిసే రాశాం, ఇద్దరం పాసయ్యాం. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలకు ఒకే రైల్లో వెళ్లాం. ఆఖరి రోజు ఎంపికైనవాళ్ల చెస్ట్ నంబర్లు చదివారు. వాడి నంబరు వినపడింది. నాది వినపడలేదు. మెడికల్ టెస్టుల కోసం వాడు అక్కడే ఉండిపోయాడు. నేనొక్కణ్నే తిరుగు రైలెక్కాను.

తర్వాత ఇంజినీరింగ్, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం బాగానే వస్తోంది. అయినా రీయూనియన్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆ రోజే గుర్తొచ్చేది. వాడు గెలిచాడు, నేను ఓడిపోయాను అనే లెక్క పదకొండేళ్లుగా లోపల అలాగే ఉండిపోయింది.

ఆ మే నెలలో రెండు మూడు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో ఏదో ఒకటి చదువుతూ కూర్చున్నాను. అలా చదువుతూ చదువుతూ ఒక పాత క్లాసు కథ దగ్గర ఆగిపోయాను. అది డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ మొట్టమొదటి బ్యాచ్ కథ.

నలభై మంది 'పయొనీర్స్'

అంతకుముందు భారతీయుడు సైన్యంలో పెద్ద ఆఫీసర్ కావాలంటే దాదాపుగా ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌కి వెళ్లాల్సిందే. ఆ సీట్లు కూడా ఏడాదికి కొద్దిమందికే. మన నాయకులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా చివరికి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకుంది. 1932 అక్టోబర్ 1న డెహ్రాడూన్‌లో 40 మందితో శిక్షణ మొదలైంది. వాళ్లలో 15 మంది పోటీ పరీక్ష రాసి వచ్చినవాళ్లు. ఇంకో 15 మంది అప్పటికే సైన్యంలో కింది స్థాయిలో పనిచేస్తూ ఎంపికైనవాళ్లు. మిగతా 10 మంది సంస్థానాల సైన్యాల నుంచి వచ్చారు. ఈ బ్యాచ్‌కి 'పయొనీర్స్' అనే పేరు నిలిచిపోయింది.

వాళ్లలో ముగ్గుర్ని చూడండి.

ఒకడు అమృత్‌సర్‌లో డాక్టరుగారి అబ్బాయి, పార్సీ. లండన్ వెళ్లి డాక్టరీ చదువుతానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఆ కోపంతో పరీక్ష రాశాడు, ఆరో ర్యాంకు వచ్చింది. పేరు శామ్ మానెక్‌షా.

రెండోవాడు క్వెట్టాకి చెందిన హజారా కుటుంబం కుర్రాడు. మామూలు సిపాయిగా చేరి పైకొచ్చినవాడు. పేరు మహమ్మద్ మూసా.

మూడోవాడు బర్మావాడు, కరెన్ తెగకు చెందినవాడు. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, 1937లో గానీ విడిపోలేదు. మనిషి ఎంత పొట్టి అంటే తర్వాతి రోజుల్లో ఆయన్ని 'నాలుగడుగుల కల్నల్' అనేవారు. ఆయన జ్ఞాపకాల పుస్తకానికీ అదే పేరు పెట్టారు. పేరు స్మిత్ డన్.

ఈ ముగ్గురూ తర్వాత మూడు దేశాల సైన్యాధిపతులయ్యారు. మానెక్‌షా ఇండియాకి, మూసా పాకిస్తాన్‌కి, స్మిత్ డన్ బర్మాకి. ఒక క్లాసులోంచి మూడు దేశాల చీఫ్‌లు వచ్చారని చదివి, నేను ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను.

అప్పట్లో ఫస్ట్ ఎవరు?

సరే, ఆ బ్యాచ్‌లో ఉత్తమ క్యాడెట్‌గా 'స్వోర్డ్ ఆఫ్ ఆనర్' ఎవరికి వచ్చిందనుకుంటున్నారు? నేనైతే మానెక్‌షా అనే అనుకున్నాను. కాదు. స్మిత్ డన్‌కి వచ్చింది. మొదలుపెట్టిన 40 మందిలో శిక్షణ పూర్తిచేసుకుని ఆఫీసర్లుగా బయటికొచ్చింది 22 మందే. ఆ 22 మందిలో ఖడ్గం అందుకున్నది ఆ పొట్టి మనిషి.

మరి ఆయన తర్వాతి జీవితం? 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. ఆ సైన్యానికి స్మిత్ డన్ అధిపతి. ఏడాది తిరిగేసరికి ఆయన సొంత తెగ కరెన్లే ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆయన తిరుగుబాటులో చేరలేదు. అయినా 1949 జనవరి ఆఖరుకల్లా పదవి పోయింది. ఆ కుర్చీలోకి వచ్చిన నే విన్ తర్వాత 1962లో ఏకంగా దేశాన్నే చేతుల్లోకి తీసుకున్నాడు. క్లాసులో ఫస్ట్ వచ్చిన మనిషి తన దేశ సైన్యాన్ని నడిపింది ఏడాది పైన కొద్ది రోజులు మాత్రమే.

ఆరో ర్యాంకు మానెక్‌షా దారీ పూలబాటేం కాదు. 1942లో అదే బర్మాలో, సిట్టాంగ్ వంతెన దగ్గర జపాన్ వాళ్లతో పోరులో పొట్టలో తూటాలు దిగాయి. బతకడనుకుని డివిజన్ కమాండర్ తన మిలిటరీ క్రాస్ పతకాన్నే తీసి ఆయనకు పెట్టాడు. 1962 ప్రాంతంలో ఆయన మీద ఆరోపణలు వచ్చి విచారణ జరిగింది. ఉద్యోగం పోయేంత పని. నిర్దోషిగా తేలాకే ముందుకు కదిలాడు. 1969లో చీఫ్, 1971లో బంగ్లాదేశ్ యుద్ధ విజయం, 1973 జనవరిలో మన దేశపు తొలి ఫీల్డ్ మార్షల్. ఇంత చేసినా ఆ హోదాకు రావాల్సిన జీతం బకాయిలు, కోటి రూపాయలకు పైనే, 2007లో గానీ చేతికి రాలేదు. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. మరుసటి ఏడాది జూన్‌లో తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో కన్నుమూశారు.

'దేశం ముందు'.. ఏ దేశం?

నన్ను బాగా పట్టుకున్న విషయం ఇంకోటి ఉంది. 1932 డిసెంబర్ 10న అకాడమీని లాంఛనంగా ప్రారంభిస్తూ అప్పటి సైన్యాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ ఆ క్యాడెట్లకు ఒక మాట చెప్పారు. దాని సారాంశం ఇది: ఎప్పుడైనా దేశమే ముందు, ఆ తర్వాత నీ కింద పనిచేసే జవాన్లు, నీ సుఖం అన్నిటికంటే ఆఖరున. సైనిక్ స్కూల్లో చదివిన ప్రతి పిల్లాడికీ ఈ మాట నోటికి వచ్చు. మా వాడికీ నాకూ కూడా.

ఆ మాట చెప్పిన రోజున వింటున్నవాళ్లందరికీ ఒకటే దేశం. పదహారేళ్లు గడిచేసరికి అది మూడు దేశాలు. 1947లో సైన్యాన్ని కూడా పంచారు. మానెక్‌షా చేరిన ఫ్రంటియర్ ఫోర్స్ రెజిమెంట్ పాకిస్తాన్‌కి వెళ్లింది, ఆయన ఇండియాలో ఉండిపోయారు. మూసా అటు వెళ్లారు. ఎవరూ మాట తప్పలేదు. మాట ఒకటే, దేశాలు వేరయ్యాయి.

1965 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యానికి అధిపతి మూసా. మానెక్‌షా ఇక్కడ తూర్పు కమాండ్ అధిపతి. మానెక్‌షా చీఫ్ అయ్యేనాటికి మూసా యూనిఫాం వదిలేశారు. కాబట్టి ఈ ఇద్దరూ చీఫ్‌ల హోదాలో నేరుగా ఎదురుపడలేదు. ఆ యుద్ధంలోనే ఇంకో విచిత్రం ఉంది. అప్పటి మన ఆర్మీ చీఫ్ జె.ఎన్. చౌధురి, అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్, ఇద్దరూ 1928లో శాండ్‌హర్స్ట్ నుంచే ఆఫీసర్లయ్యారు. చౌధురి పేరు మనకు కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో నిజాం సైన్యం లొంగిపోయింది ఆయనకే. తర్వాత హైదరాబాద్‌కి మిలిటరీ గవర్నర్‌గా ఉన్నదీ ఆయనే.

మూసా తర్వాత గవర్నర్ అయ్యారు. 1991లో చనిపోయేనాటికీ బలూచిస్తాన్ గవర్నరే. ఆయన్ని ఖననం చేసింది మాత్రం ఇరాన్‌లోని మష్హద్‌లో. సిపాయిగా మొదలైన తన ప్రయాణాన్ని ఆయన పుస్తకంగా రాసుకున్నారు.

యుద్ధం చేసినాయనే..

స్వతంత్రం వచ్చాక కూడా ఇలాంటి క్లాసులు ఉన్నాయి. ఇప్పటి ఎన్‌డీఏకి ముందు రూపం 1949లో డెహ్రాడూన్‌లోనే మొదలైంది. దాని మొదటి కోర్సులో కలిసి చదువుకున్న ముగ్గురు 1991 నుంచి 93 దాకా ఒకేసారి మన త్రివిధ దళాలకు అధిపతులుగా ఉన్నారు. ఆర్మీకి రోడ్రిగ్స్, నేవీకి రామ్‌దాస్, ఎయిర్‌ఫోర్స్‌కి సూరి.

వీళ్లలో అడ్మిరల్ రామ్‌దాస్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ బియాస్ నౌకను నడిపి వీర చక్ర అందుకున్న మనిషి. రిటైరయ్యాక భారత్, పాకిస్తాన్‌ల మధ్య శాంతి కోసం తిరిగారు. 2004లో పాకిస్తాన్‌కి చెందిన ఐ.ఎ. రెహ్మాన్‌తో కలిసి మెగసెసే అవార్డు అందుకున్నారు. 2024 మార్చి 15న మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఆ రోజు నేను ఇదే ఊళ్లో ఉండి, చిన్న వార్త అనుకుని వేలితో పైకి తోసేశాను.

ఇక మొన్నటి ఆపరేషన్ సిందూర్ సమయంలో ఆర్మీ చీఫ్ ఉపేంద్ర ద్వివేది, నేవీ చీఫ్ దినేశ్ త్రిపాఠి. ఇద్దరూ మధ్యప్రదేశ్‌లోని రీవా సైనిక్ స్కూల్లో అయిదో తరగతి నుంచి క్లాస్‌మేట్లు. టీవీలో వాళ్లిద్దర్నీ చూస్తుంటే, ఒకప్పుడు వీళ్లు కూడా పీటీకి లేటై కలిసి పరిగెత్తే ఉంటారనిపించింది.

రెండో టిక్కు

ఆ నాలుగు రోజులూ మా వాడి వాళ్లమ్మగారు విజయనగరం నుంచి ప్రతి సాయంత్రం నాకు ఫోన్ చేసేవారు. "బాబూ, వాడేమైనా మాట్లాడాడా?" అని. "ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరమ్మా. ఏదైనా ఉంటే ముందు మీకే చెబుతారు. భోంచేశారా?" అనేవాణ్ని. నిరుడు వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. వైజాగ్ ఆస్పత్రిలో కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. రెండు రాత్రులు బయట బెంచీ మీద పడుకుంది నేనే. అదంతా మామూలు విషయమనే అనుకున్నాను, లెక్కలో వేసుకోలేదు.

మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి. 12వ తేదీ రాత్రి పదకొండింటికి రెండో టిక్కు పడింది. కాసేపటికి జవాబు.

"ఉన్నాన్రా. అమ్మతో ఇప్పుడే మాట్లాడాను. రోజూ నీతో మాట్లాడిందట కదా."

ఆ తర్వాత ఇంకోటి.

"ఆపరేషన్‌కి కూడా నువ్వే ఉన్నావు. ఇంటి దగ్గర నువ్వున్నావనే ఇక్కడ నేను నిద్రపోతున్నాను."

ఎస్‌ఎస్‌బీ సంగతి అప్పుడే అడిగేద్దామనుకున్నాను. చెస్ట్ నంబర్లు చదివిన ఆ రోజు గురించి నేను పదకొండేళ్లుగా ఏమనుకుంటున్నానో చెప్పేద్దామనుకున్నాను. కానీ అడగాల్సింది ఏమీ మిగల్లేదనిపించింది. "డిసెంబర్ రీయూనియన్‌కి సెలవు పెట్టు" అని మాత్రం టైప్ చేశాను.

"ట్రై చేస్తా. మామిడికాయలు వచ్చాయా?" అన్నాడు.

వచ్చాయని చెప్పి, పొద్దున్నే వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. ఆవకాయ జాడీ ఒకటి వాడి పేరు మీద పక్కన పెట్టమన్నాను.