పేకముక్కల నడుమ మాట

రమ్మీ కేవలము అదృష్టముపై నడచు జూదము కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏ ముక్కను నిలుపుకొని ఏ ముక్కను విడువవలెనో నిర్ణయించుటకును నేర్పు వలయుననియు 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు 1963లో జరిపిన దాడి నుండి పుట్టిన ఆ వ్యాజ్యములో న్యాయమూర్తి హిదయతుల్లా మూడు ముక్కలాటను మాత్రము కేవలాదృష్టక్రీడగా వేఱుపఱచిరి. అయితే పేకాట నెఱిగినవారు ఈ నేర్పులకు మఱియొకటి చేర్చుదురు: ఎదుటివాని మాటను వినుట.

డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల, కొండలకును బంగాళాఖాతమునకును నడుమ నున్న యారాడలో, వేటకు పోని మధ్యాహ్నములందు అరుగుపై సాగు ఆటను గమనించినచో ఈ విద్య తేటపడును. ముక్కలు పంచినది మొదలు వల చిరిగినదనియు, చేప ధర పడినదనియు ఎడతెగక మాటలాడు నొక పెద్దమనిషి, పడిన ఆఠీను ఎనిమిదిని ఎత్తుకొన్న పిమ్మట మౌనము వహించెను. ప్రక్కవాడు, “ఏటి బావా, ముక్కలు కలవనేదేటి?” అని కదపగా, మామూలుగా ఎదురు పరిహాసమాడు ఆయన, “ఆడరా, ఆడు” అని మాత్రమే యనెను. అడిగినవాడు విడువబోయిన ఆఠీను ఏడును మరల చేతిలో దోపుకొని ఇస్పేటు రాజును పడవేసెను. తుదకు మూడవవాడు షో చెప్పి అందఱి ముక్కలును పఱచినప్పుడు, పెద్దమనిషి చేతిలో ఆఠీను ఎనిమిది, తొమ్మిదులు ఏడుకై వేచియుండెను.

ఇచట మౌనమొక్కటే సాక్ష్యము కాదు. ఎత్తిన ఎనిమిదితో కలిసినందుననే దానికి విలువ. మంత్రరక్షణను గూర్చి చెప్పుచు కౌటిల్యుడు, సహజమునకు భిన్నమైన నడవడి వలన రహస్యము బయటపడునని హెచ్చరించెను. వాగుడుకాయ నోరు మూసినను, మితభాషి నోరు విప్పినను అది ఆ మనిషికే చెందిన సూచన. కావున తొలి పంపకములలో గెలుపోటములకన్న ప్రతివాని వాడుకను తెలిసికొనుటయే లాభకరమని నా నమ్మకము. ముఖము చూచి అబద్ధము పట్టగలమను ధీమాకు ఆధారము తక్కువ. అనేక ప్రయోగములను కలిపి చూచిన 2006 నాటి పరిశీలనలో మనుష్యులు నిజానిజములను సరిగా పోల్చినది సగటున నూటికి 54 పర్యాయములే. పోకరాటగాండ్రపై 2013లో వెలువడిన పరిశోధనలోను, ముఖమును చూచినవారికన్న పందెపు చిప్స్‌ను ముందుకు నెట్టు చేతులను చూచినవారే ముక్కల బలమును మేలుగా గుర్తించిరి.

మూడు ముక్కలాటలో మాట ఎరగాను పనిచేయును. బలమైన ముక్కలున్నవాడు నిట్టూర్చును, ఏమియు లేనివాడు పందెము పెంచి కవ్వించును. వినువాడు ఆ మాటల యర్థమును విడిచి, అవి ఎప్పుడు, ఎంత త్వరగా వచ్చినవో పట్టుకొనవలెను.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము సవరించి నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీలో ఈ యవకాశమే లేదు. ఎదుట కూర్చున్నవాడు ఎవడో, వాని వాడుక యేమో తెలియదు. మిగులునది ముక్క విడుచుటకు వానికి పట్టిన కాలము మాత్రమే, అదియు ఆలోచన వలననో సిగ్నలు మందగించుట వలననో చెప్పుట యెవరితరము?