65 వేల కాంతి సంవత్సరాలు... ఒక్కరే!

ఒక గ్రహం పక్కన మీ పేరు ఉండిపోవాలంటే ఏం చేయాలి? ఖగోళ శాస్త్రం చదవాలి, ఏళ్ల తరబడి టెలిస్కోప్‌కి కళ్లు అప్పగించాలి. అంత ఓపిక లేదంటారా? అయితే ‘ఎలైట్ డేంజరస్’ అనే గేమ్ ఉంది. ఇందులో ఇంతవరకూ ఎవరూ చూడని నక్షత్రం దగ్గరికి మీరు మొదట వెళ్లి, ఆ సమాచారాన్ని క్షేమంగా వెనక్కి తెచ్చి అమ్మితే చాలు. ‘మొదట కనుగొన్నది ఫలానా’ అని అక్కడ మీ పేరు పడిపోతుంది. రేపు ఆ దారిన వచ్చే ప్రతి ప్లేయరూ దాన్ని చూస్తాడు.

తిరకాసంతా ‘క్షేమంగా వెనక్కి తెచ్చి’ అన్న ఆ మూడు మాటల్లోనే ఉంది.

ముందే ఒక మాట. ఇది ఫోన్‌లో ఆడే గేమ్ కాదు, మంచి కంప్యూటర్ కావాలి. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కి చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ 2014 డిసెంబర్ 16న విడుదల చేసింది. దీని తాతలాంటి ‘ఎలైట్’ వచ్చింది 1984లో. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు 32 కేబీ మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు ఇరికించేశారు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే బరువే! అదే బ్రాబెన్ ముప్ఫై ఏళ్ల తర్వాత ఏకంగా మన పాలపుంతనే దించేశాడు. అసలు సైజులో, దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలతో.

అన్నీ ఎవరో కూర్చుని గీసినవి కావు. మనకు నిజంగా తెలిసిన నక్షత్రాలను కేటలాగుల నుంచి తీసుకుని వాటి వాటి చోట పెట్టారు. మిగతావాటిని ‘స్టెల్లార్ ఫోర్జ్’ అనే ప్రోగ్రామ్ భౌతిక శాస్త్ర సూత్రాల ప్రకారం పుట్టిస్తుంది. ఇక్కడ ఇంత ధూళి ఉంటే ఎలాంటి నక్షత్రం వస్తుంది, దాని చుట్టూ ఎన్ని గ్రహాలు తిరగొచ్చు అని లెక్కలేస్తుందన్నమాట. 2017 ఫిబ్రవరిలో ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు గేమ్‌లో వెతికితే, దాదాపు అదే చోట ఏడు గ్రహాలున్న ఓ చిన్న మసక నక్షత్రం అప్పటికే ఉంది! ఫ్రాంటియర్ వాళ్లు దాన్ని కొంచెం సర్ది ట్రాపిస్ట్-1 అని పేరు పెట్టేశారు. కాకతాళీయమే అనుకోండి. అయినా ఒళ్లు జలదరించే కాకతాళీయం.

ఇంత పెద్ద గెలాక్సీలో పదేళ్లు దాటినా ప్లేయర్లందరూ కలిసి చూసింది ఒక్క శాతం కూడా కాదు. అందుకే యుద్ధాలూ వ్యాపారాలూ వదిలేసి, ‘నేను అటు చివరిదాకా వెళ్లొస్తా’ అని ఒంటరిగా బయల్దేరేవాళ్లు ఈ గేమ్‌లో ఒక ప్రత్యేకమైన జాతి.

సామాను దించేయాలి

అటు చివర ఉన్న చోటుకి ఒక పేరుంది... బీగిల్ పాయింట్. మన సూర్యుడి నుంచి 65 వేల కాంతి సంవత్సరాల పైమాటే, గెలాక్సీకి సరిగ్గా ఆవలి ఒడ్డు. గేమ్ కొత్తగా వచ్చిన 2015 మొదట్లోనే ఒక ప్లేయర్ అక్కడికి చేరాడు. దాని అసలు పేరు ‘సీకియా జెడ్‌క్యూ-ఎల్ సి24-0’. కరెంటు మీటర్ నంబర్‌లా లేదూ? డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడ గుర్తుగా బీగిల్ పాయింట్ అని పిలవడం మొదలుపెడితే, తర్వాత ఫ్రాంటియర్ కూడా ఆ పేరునే ఖాయం చేసింది.

అక్కడికి వెళ్లే ఓడని తయారుచేయడమే ఓ పెద్ద పని. మనం సంక్రాంతికి ఊరెళ్తే కారు డిక్కీ నింపుతాం. ఇక్కడ దానికి రివర్స్. బరువు తగ్గితేనే ఒక్కో జంప్‌కి ఎక్కువ దూరం వెళ్తుంది. కాబట్టి తుపాకులు పీకేస్తారు, షీల్డ్ చిన్నది పెడతారు, ప్రతి భాగంలోనూ అన్నిటికంటే తేలికైన ‘డి’ గ్రేడ్ వెతుక్కుంటారు. ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్, డైమండ్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్ పాత కాపులకు ఇష్టమైన ఓడలు. 2024లో వచ్చిన మాండలే ఇందుకోసమే పుట్టింది. తప్పనిసరిగా ఉండాల్సింది మాత్రం ఒకటుంది... ఫ్యూయల్ స్కూప్. అంతరిక్షంలో పెట్రోల్ బంకులుండవు కదా. నక్షత్రం అంచున ఎగురుతూ దాని హైడ్రోజన్‌నే ట్యాంకులోకి తోడుకోవాలి. మరీ దగ్గరికెళ్తే ఓడ కాలిపోతుంది, దూరంగా ఉంటే చుక్క కూడా ఎక్కదు.

అన్ని నక్షత్రాలూ ఇంధనం ఇవ్వవు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ రకాలే ఇస్తాయి. ఈ ఏడక్షరాలనూ కలిపి ‘కేజీబీ ఫోమ్’ అని గుర్తుపెట్టుకుంటారు. గోధుమ మరుగుజ్జులు, శ్వేత మరుగుజ్జులు, న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర స్కూప్‌కి పనుండదు. వరసగా నాలుగైదు అలాంటివే తగిలాయా, గుండె జారిపోతుంది.

ట్యాంకు ఖాళీ అయితే? ఓడలో కరెంటు పోతుంది, ఆక్సిజన్ టైమర్ మొదలవుతుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. వెంటనే గేమ్‌లోంచి మెయిన్ మెనూకి వచ్చేసి ‘ఫ్యూయల్ ర్యాట్స్’ని పిలవాలి. 2015 నుంచి ఉన్న వాలంటీర్ల బృందం ఇది. పైసా తీసుకోరు. ఎంత దూరంలో ఇరుక్కున్నా ఎవరో ఒకరు ఇంధనం మోసుకుని వస్తారు. ఓడ పైపెంకు దెబ్బతిన్నవాళ్ల కోసం ‘హల్ సీల్స్’ అని మరో బృందం. గేమ్‌లో ఉద్యోగాలూ జీతాలూ ఎన్నున్నా, నాకు అన్నిటికంటే నచ్చింది ఎవరూ అడక్కుండా ప్లేయర్లే కట్టుకున్న ఈ ‘108’ సర్వీసే.

వెయ్యి జంప్‌లు

మంచి ఓడ ఒక్క జంప్‌కి 65 కాంతి సంవత్సరాలు వెళ్తుందనుకుందాం. అంటే బీగిల్ పాయింట్‌కి వెయ్యి జంప్‌లు. 2015లో వెళ్లినవాళ్ల ఓడలు దీన్లో సగం దూరం దూకితే గొప్ప. జంప్‌కి ఒక్క నిమిషం వేసుకున్నా ఆగకుండా పదహారు, పదిహేడు గంటలు. కానీ ఎవరూ అలా వెళ్లరు. ప్రతి సిస్టమ్‌లో స్కానర్ మోగించి, గ్రహాలు చూసి, నచ్చినచోట దిగి వెళ్తే నెలలు పడుతుంది.

నిజం చెప్పాలంటే చాలాసేపు ఏమీ జరగదు. నాలుగంకెల కౌంట్‌డౌన్, రంగుల సొరంగం, ఎదురుగా ధడాలున నక్షత్రం, ఇంధనం, పక్కకి తిప్పడం, మళ్లీ కౌంట్‌డౌన్. ఇళయరాజా పాటలు పెట్టుకుని కూర్చోవడానికి ఇంతకంటే మంచి గేమ్ లేదు. యాక్షన్ కావాలనుకునేవాళ్లు రెండో రోజే పారిపోతారు. వాళ్లని తప్పుపట్టలేం.

అయితే మధ్యలో తగిలేవి కొన్ని ఉంటాయి. రెండు సూర్యుళ్లు ఒకేసారి ఉదయించే లోయ. వలయాల అంచుకి ఆనుకుని తిరిగే చందమామ. నీలి సముద్రాలతో అచ్చం భూమిలా ఉండే గ్రహం... వందలకొద్దీ బండరాళ్లూ మంచుముద్దలూ చూశాక అది కనపడితే కుర్చీలోంచి లేచి కూర్చుంటారు. దాని మీద దిగడం మాత్రం కుదరదు. ఈ గేమ్‌లో అలాంటి గ్రహాల మీద దిగనివ్వరు, పైనుంచి చూసి నిట్టూర్చాల్సిందే.

కాస్త దూరం వెళ్లాక ఆకాశం కూడా మారిపోతుంది. గేమ్‌లో చుక్కలు గోడకి అంటించిన బొమ్మ కాదు, మీరున్న చోటు నుంచి ఎలా కనపడాలో అలాగే కనపడతాయి. చిన్నప్పుడు డాబా మీద పడుకుని గుర్తుపట్టిన సప్తర్షి మండలం కొన్ని జంప్‌లకే వంకరపోతుంది. ఇంకొన్నిటికి అసలు కనిపించదు. సూర్యుడు కంటికి ఆనని చుక్కైపోతాడు.

25,900 కాంతి సంవత్సరాల దగ్గర సాజిటేరియస్ ఎ-స్టార్, అంటే పాలపుంత నడిబొడ్డున ఉన్న మహా కృష్ణబిలం. బొమ్మలో చూసినట్టు మంటల పళ్లెమేమీ ఉండదు. నల్లటి శూన్యం చుట్టూ వెనకాల ఉన్న నక్షత్రాల వెలుగు అద్దంలోలా వంగి కనపడుతుంది, అంతే. ఆ అంతేలోనే ఏదో బెదురుంది. మొదటి నాలుగేళ్లూ ఆ చుట్టుపక్కల ఆగడానికి ఒక్క స్టేషన్ లేదు. 2019లో ‘డిస్టెంట్ వరల్డ్స్ 2’ అని వేలమంది ప్లేయర్లు కలిసి బీగిల్ పాయింట్ యాత్ర చేసినప్పుడు ఖనిజాలు తవ్విపోసి దగ్గర్లో ‘ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్’ అనే స్టేషన్ కట్టించారు. ఇప్పుడు ఒంటరిగా వచ్చేవాళ్లకీ అదే సత్రం.

దూరం తొందరగా దాటాలంటే న్యూట్రాన్ నక్షత్రాలున్నాయి. వాటి ధ్రువాల నుంచి చిమ్మే కాంతి ధారలోకి ఓడని పోనిస్తే తర్వాతి జంప్ నాలుగు రెట్లు పడుతుంది. లోపలికెళ్లగానే ఓడ పిచ్చిగా ఊగిపోతుంది. ప్రతిసారీ ఇంజన్ కొంచెం పాడవుతుంది, దాన్ని దారిలో బాగు చేసుకోవచ్చు. కానీ నక్షత్రానికి కొంచెం ఎక్కువ దగ్గరైతే ధార మధ్యలోనే వేగం పోయి ఇరుక్కుంటారు. అక్కడి నుంచి బయటపడినవాళ్లు తక్కువ.

ఒంటరితనం లెక్క

ఈ గేమ్‌లో ‘సోలో’ అని ఒక మోడ్ ఉంది. అందులో వేరే మనుషులెవరూ కనపడరు. దానికీ ఇంటర్నెట్ కావాల్సిందే. నెట్ లేకుండా ఆడే వీలుంటుందని మొదట చెప్పి, విడుదలకి నెల ముందు ఫ్రాంటియర్ మాట మార్చింది. డబ్బులిచ్చి మద్దతు పలికినవాళ్లు మండిపడ్డారు, అందులో న్యాయం ఉంది. అయితే ఆ షరతు వల్లే ఒక చిత్రం సాధ్యమైంది. మీరు ఒంటరిగానే ఉన్నా గెలాక్సీ అందరిదీ ఒక్కటే. నలభై వేల కాంతి సంవత్సరాలు దాటొచ్చాం, ఇక్కడికి మనిషి పురుగు వచ్చుండదనుకుని స్కాన్ చేస్తే, ఎవరిదో పేరు. ఏడెనిమిదేళ్ల కిందట ఈ దారిన వెళ్లినవాడు. ఇప్పుడు ఆడుతున్నాడో లేదో తెలీదు. కోపమూ వస్తుంది, తోడు దొరికినట్టూ ఉంటుంది.

బీగిల్ పాయింట్ దగ్గరపడేకొద్దీ నక్షత్రాలు పలచబడతాయి. పక్క నక్షత్రం జంప్‌కి అందనంత దూరంలో ఉంటే గ్రహాల మీద దిగి ఏరుకున్న ఖనిజాలతో ఇంజన్‌కి ఒక్క జంప్‌కి సరిపడా అదనపు బలం ఎక్కించాలి. అవి అయిపోతే వెనక్కి తిరగడమే. చివరికి చేరాక ఏముంటుంది? బహుమతి లేదు, వీడియో లేదు. ఒక వైపు ఆకాశమంతా పాలపుంత, రెండో వైపు చిమ్మచీకటి.

అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. వేల గ్రహాల సమాచారం ఓడలో ఉంది, ఒక్కటీ అమ్మలేదు. ఓడ పేలిపోతే దాని ఖరీదులో సుమారు ఐదు శాతం కడితే కొత్తది వస్తుంది. సమాచారం మాత్రం బూడిదే. ఒక్కటి కూడా రాదు. మూడు నెలల ప్రయాణం, పడాల్సిన వందల పేర్లు, అన్నీ గాల్లో కలిసిపోతాయి. పైగా ఆ గ్రహాలు రేపు ఇంకెవరికైనా ‘కొత్తవే’.

అందుకే వెళ్లేటప్పుడు సింహంలా వెళ్లినవాడు వచ్చేటప్పుడు పిల్లిలా నడుస్తాడు. నిద్రొస్తుంటే జంప్ చేయడు. భూమికంటే రెండు మూడు రెట్లు గురుత్వం ఉన్న గ్రహాల జోలికి పోడు, అక్కడ ఓడ దిగదు, పడుతుంది. షీల్డ్ చిన్నదని ముందు గొప్పగా చెప్పుకున్న తెలివి ఇప్పుడు భయపెడుతుంది. ఓడ రంగు పెచ్చులూడి కింద లోహం కనపడుతుంటుంది. ఇది నిజంగానే గేమ్‌లో ఉంది. కొందరు తిరిగొచ్చాక కూడా మళ్లీ రంగు వేయించరు, అదే వాళ్ల మెడల్. జనం ఉండే చోటుకి వచ్చాక ఇంకో గండం: అందరూ కనపడే ‘ఓపెన్’ మోడ్‌లో, ఊరికే సరదాకి యాత్రికుల ఓడలు పేల్చేవాళ్లు కాపు కాస్తుంటారు. చివరి రెండు జంప్‌లకి ఓపెన్ వీరులు కూడా నిశ్శబ్దంగా సోలోలోకి జారుకుంటారు.

2020 నుంచి ఈ భయం కొంత తగ్గింది. ప్లేయర్లు సొంతంగా కొనుక్కునే ఫ్లీట్ క్యారియర్లు అనే భారీ ఓడలు ఎక్కడెక్కడో ఆగి ఉంటున్నాయి. వాటిలో కొన్ని సమాచారం కొంటాయి. దీంతో రుచి పోయిందని పాతవాళ్లు గొణుగుతారు. నాకైతే మధ్యలో అమ్ముకునేవాళ్లని చూస్తే అసూయే తప్ప తప్పనిపించదు.

బయల్దేరే ముందు ఒక చిన్న పని మాత్రం తెలుగువాళ్లు చేయాలి. సౌరకుటుంబంలోకి వెళ్లే పర్మిట్ సంపాదిస్తే (దానికి ఫెడరేషన్‌లో కొంత హోదా రావాలి) దాని శివార్లలో వాయేజర్-1, వాయేజర్-2 కనపడతాయి. 1977లో నిజంగా పంపిన ఆ వ్యోమనౌకలు గేమ్ కాలంలో, అంటే 3300ల్లో కూడా తేలుతూనే ఉంటాయి. వాటిలోని బంగారు రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. అందులో తెలుగు ఒకటి. గెలాక్సీ అవతలి ఒడ్డుకి బయల్దేరేవాడికి ఇంతకంటే మంచి శకునం ఏముంటుంది!

మొదటిసారే బీగిల్ పాయింట్ అనకండి. ఓరియన్ నెబ్యులా ఉంది, 1,300 కాంతి సంవత్సరాల చిల్లర. మామూలు ఓడకి 40, 50 జంప్‌లు, ఒక్క ఆదివారం చాలు. అక్కడ పేర్లన్నీ ఎప్పుడో అయిపోయాయి కాబట్టి వచ్చేటప్పుడు గేమ్ చూపించే తిన్నని దారి పట్టుకోవద్దు. గెలాక్సీ మ్యాప్‌ని కాస్త పైకో కిందికో జరిపి, ఎవరూ ఎందుకు వెళ్తారులే అనిపించే చుక్కని ఎంచుకోండి. ఇంధనం ఇచ్చే రకమేనా అని ఒకసారి చూసుకుని, అప్పుడు జంప్ నొక్కండి.