ఓడ దిగకపోయినా వీసా కావాలి

“ఓడలో ఉండేదానికి వీసా ఎందుకప్పా? నీళ్ళ మీదనే కదా ఉండేది!” పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఈ మాట మంచి నమ్మకంగా వినిపిస్తోంది. సిమెంటు డీలర్లకు, ఎరువుల అంగళ్ళవాళ్ళకు కంపెనీలు టార్గెట్ల మీద ఇచ్చే విదేశీ టూర్లలో ఇప్పుడు విమానంతో పాటు క్రూయిజ్ కూడా కలిసి వస్తోంది. బెంగళూరు నుంచో చెన్నై నుంచో విమానంలో సింగపూర్ చేరడం, అక్కడ ఓడ ఎక్కి మూడు నాలుగు రాత్రుల్లో మలేసియా, థాయిలాండ్ రేవులు చూసి మళ్ళీ సింగపూర్‌లోనే దిగడం. పిల్లల పెళ్ళిళ్ళు చేసి బరువు దించుకున్న దంపతులు, రిటైరైన టీచర్లు కూడా సొంత డబ్బు కట్టుకుని పోతున్నారు. పోవడం మంచిదే. ఈ మాట నమ్మి పోవడమే ప్రమాదం.

వేముల మండలంలోనే నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం సింగపూర్ రేవు దాకా వెళ్ళి, ఓడ ఎక్కకుండానే తిరిగొచ్చింది. వాళ్ళ దగ్గర వీసా ఉంది. కాని అది ఒక్క ప్రవేశానికే చెల్లుతుంది. టికెట్టు అమ్మిన ఏజెంటు ఆ సంగతి చూడలేదు. అలాంటిదొకటి చూసుకోవాలని వీళ్ళకు తెలియదు. ఓడకు కట్టిన డబ్బులో రూపాయి వెనక్కి రాలేదు. అనుకోకుండా మీదపడిన హోటలు ఖర్చు, మార్చుకున్న విమానం టికెట్ల ఖర్చు వేరే. ఆ ఇంటి పెద్దావిడ ఇప్పటికీ ఆ ప్రయాణం ఊసెత్తితే లేచి లోపలికి పోతుంది. తప్పు చేశామన్నట్టు తలవంచుకోవాల్సిన అవసరం ఆమెకు లేదు. చూడకుండా టికెట్టు అమ్మినవాళ్ళకు ఉంది.

“అంతర్జాతీయ జలాల్లో ఏ దేశం చట్టమూ ఉండదు” అన్నది ఈ పుకారుకు మొదటి ఆధారం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా, సముద్రం ఆ దేశానిదే. దాన్ని దాటాక కూడా ఓడ మీద అది ఎగరేసిన జెండా దేశపు చట్టం నడుస్తుంది. సరే, నడిసముద్రంలో మిమ్మల్ని ఎవరూ వీసా అడగరనే అనుకుందాం. ఓడ ఎక్కేది ఎక్కడ? సింగపూర్ నేల మీద. దిగేది ఎక్కడ? మళ్ళీ సింగపూర్ నేల మీద. మన విమానాశ్రయాల్లో ఉన్నట్టే అక్కడి క్రూయిజ్ టెర్మినల్‌లోనూ ఇమిగ్రేషన్ ఉంటుంది. ఓడ ఎక్కేటప్పుడు మీరు సింగపూర్ విడిచి వెళ్ళినట్టు నమోదవుతుంది. నాలుగు రోజులకు తిరిగొస్తే అది కొత్త ప్రవేశం. విమానం దిగినప్పుడు ఒకటి, ఓడ దిగినప్పుడు ఒకటి, మొత్తం రెండు ప్రవేశాలు. సింగపూర్ వీసా కాగితం మీద ‘మల్టిపుల్ జర్నీ’ అని ఉందా, ‘సింగిల్ జర్నీ’ అని ఉందా అన్నది అందుకే అంత ముఖ్యం. మనవాళ్ళలో చాలామందికి మల్టిపుల్ వస్తుంది కాబట్టి ఏజెంట్లు చూడకుండా వదిలేస్తారు. రాని ఒక్కరి టూరు అక్కడే ఆగిపోతుంది.

వీసా అసలే లేనివాళ్ళ కథ ఇంకా ముందే ముగుస్తుంది. బెంగళూరు విమానాశ్రయంలో చెక్ ఇన్ కౌంటరు దగ్గరే ఆపేస్తారు. పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే విమాన సంస్థ, ఓడ సంస్థ జరిమానా కట్టుకోవాలి, వెనక్కి తెచ్చే భారమూ మోయాలి. కౌంటరులో ఉన్న అమ్మాయిని బతిమాలి లాభం లేదు.

రెండో ఆధారం: “మేము ఓడలోనే ఉంటాం, ఊళ్ళోకి దిగం.” ఇదీ చెల్లదు. ప్రయాణపట్టికలో ఉన్న ప్రతి దేశానికీ పత్రాలు సరిగ్గా ఉంటేనే ఓడ సంస్థలు ఎక్కించుకుంటాయి, దిగుతారా లేదా అన్నదాంతో పని లేదు. నడుమ ఎవరికైనా గుండెనొప్పి వస్తే దింపాల్సింది ఆ దేశపు ఆసుపత్రిలోనే కదా.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి, లేకపోతే మళ్ళీ మొలుస్తుంది. ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ తిరిగే కార్డీలియా ఓడ మన దేశం దాటదు. దానికి ఆధార్ కార్డు చాలు. లక్షద్వీప్‌కు మాత్రం మనవాళ్ళకైనా అనుమతి పత్రం ఉండాలి. 2022 జూన్‌లో అదే ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చినప్పుడు మన రాష్ట్రంలో చాలామంది క్రూయిజ్‌ను మొదటిసారి కళ్ళారా చూశారు. అప్పుడు ఎక్కినవాళ్ళు “మాకు పాస్‌పోర్టు కూడా అడగలేదు” అన్నారు. వాళ్ళ మట్టుకు అది నిజమే. ఇక 2023 చివర్లో థాయిలాండ్, మలేసియా భారతీయులకు వీసా లేకుండా రావచ్చన్నాయి. ఈ రెండు నిజాలూ కలిసి “ఓడకు వీసా అక్కర్లేదు” అనే అబద్ధం తయారైంది. ఆ సడలింపు ఇచ్చిన దేశాల్లో సింగపూర్ లేదు. ఇచ్చిన దేశాలు కూడా గడువులు పెడతాయి, మారుస్తాయి, వచ్చేముందు ఆన్‌లైన్‌లో వివరాలు నింపమంటాయి. నిరుడు పోయొచ్చిన బావమరిది అనుభవం ఈ ఏడు మీకు పనికిరాకపోవచ్చు.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులకు ఇదే గండం వేరే వేషంలో వస్తుంది. సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్ అంటే రెండూ అమెరికావే కాబట్టి అమెరికా వీసా చాలని కొడుకు, కోడలు టికెట్లు కొనేస్తారు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి అక్కడ ఇంకా అమల్లో ఉంది. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకని దారిలో కెనడాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కెనడా వీసా కావాలి. ఇండియాలో ఉండగానే, తీరిగ్గా, రెండు వీసాలకూ దరఖాస్తు చేసుకోవాల్సిన విషయమిది. సియాటిల్ పోయాక తెలుసుకుంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.

“ఓడ కొత్తదేనంట” అన్నది ఇంకో మాట. పెయింటు కొత్తదై ఉండవచ్చు. కార్డీలియా వారి ఎంప్రెస్ 1990లో ఫ్రాన్సులో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో కట్టిన ఓడ. తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ అయింది, కొన్నాళ్ళు స్పెయిన్ కంపెనీ చేతికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చి, 2021లో మన దేశానికి చేరింది. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ 2016లో జర్మనీలో కట్టినది, సుమారు లక్షా యాభై వేల టన్నులు, ఎంప్రెస్‌కు మూడింతలు. ఓడకు పేరు మార్చవచ్చు, యజమాని మారవచ్చు, జెండా మారవచ్చు. ఓడను గుర్తించే ఏడంకెల ఐ.ఎం.ఓ. నంబరు మాత్రం కట్టిన రోజు నుంచి తుక్కు చేసే దాకా మారదు. ఏజెంటును ఓడ పేరు అడగండి, ఆ పేరుతో నంబరు వెతకండి, కట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. పాతదైనంత మాత్రాన ప్రమాదమని కాదు. వయసుతో పాటు తనిఖీలూ ఉంటాయి. గది చిన్నదిగా, లిఫ్టులు తక్కువగా ఉంటాయని మాత్రం ముందే తెలుసుకుని పోతే, అక్కడికి పోయి మోసపోయామని ఏడవాల్సిన పని ఉండదు.

భద్రత గురించి భయపడేవాళ్ళు, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో మొదటిరోజు చూపించే మస్టర్ డ్రిల్‌ను మాత్రం ఫొటోలు తీసుకుంటూ ఎగ్గొడతారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాతికి గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే డ్రిల్ చేయాలని నిబంధన బిగించారు. మీ గది నుంచి మీ గుంపు చేరాల్సిన చోటికి ఏ మెట్ల మీదుగా పోవాలో ఒకసారి నడిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా నడిపించండి.

రాసిచ్చిన రేవులన్నీ చూపించి తీరతారనుకోవడమూ పొరపాటే. 2022 జూన్‌లో విశాఖ వచ్చిన అదే కార్డీలియా ఓడను పుదుచ్చేరి తన రేవుకు రానివ్వలేదు. ఓడలో జూదం ఉందని అక్కడ అభ్యంతరాలు లేచాయి. ఓడ అటునుంచి అటే చెన్నైకి తిరిగిపోయింది. గాలి, అలలు, రేవు అనుమతి, ఏదో ఒక కారణంతో ఒక ఊరు తప్పిపోవచ్చు. ఒప్పందం కాగితంలో ఆ హక్కు ఓడ సంస్థకు రాసే ఉంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. శాకాహారం దొరకదన్నది అబద్ధం, జైన భోజనం కూడా ముందే చెబితే చాలా ఓడల్లో పెడతారు. టికెట్టులోనే అన్నీ ఉంటాయన్నదీ అబద్ధమే: సిబ్బందికి రోజువారీ టిప్పు, మందు, కూల్‌డ్రింకు, వైఫై, రేవులో ఊరు చూపించే బస్సు, చాలా చోట్ల అన్నీ విడిగానే. ఓడలో డాక్టరు ఉచితం కాదు. రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె తీసుకుపోతే ఎక్కేచోటే తీసి పక్కన పెడతారు. ఫోను రోమింగ్ పని చేస్తుందిలే అని వదిలేస్తే ఓడ తాలూకు శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని ఇంటికొచ్చాక బిల్లు గుండె ఆపుతుంది, ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. గుట్కా, ఖైనీ జేబులో ఉంటే సింగపూర్‌లో నేరం. టూరు డబ్బుతో పాటు ఏజెంటు పట్టుకునే టీసీఎస్ పన్ను పోయినట్టు కాదు, ఐటీ రిటర్న్‌లో చూపించుకుంటే లెక్కకు వస్తుంది.

“సముద్రంలో వాంతులు తప్పవు” అన్న భయాన్ని నేనెంతో కొట్టిపారేయాలనుకున్నాను. పూర్తిగా కొట్టిపారేయలేను. మలక్కా జలసంధికి ఒకపక్క సుమత్రా, ఒకపక్క మలేసియా అడ్డుగా ఉన్నాయి. అక్కడ నీరు చాలావరకు నెమ్మదిగానే ఉంటుంది, పెద్ద ఓడలో కదలిక తెలియదు. ఫుకెట్ వైపు అండమాన్ సముద్రం వానాకాలంలో అలా ఉండదు. మన బంగాళాఖాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాలతో, ఆ తర్వాత డిసెంబరు దాకా తుఫానులతో నిలకడగా ఉండదు. ఆ నెలల్లో ఈ భయం న్యాయమైనదే. కిటికీ ఉన్న పై అంతస్తు గదికి ఎక్కువ డబ్బు పెట్టేకంటే, కింది అంతస్తులో ఓడ నడుమ భాగంలో గది అడగండి. ఊగిసలాట అక్కడే తక్కువ. మాత్రల సంగతి మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి, బీపీ, షుగరు మందులు వాడేవాళ్ళు మరీ ముఖ్యంగా. ఆరు నెలలు నిండబోతున్న గర్భిణిని చాలా సంస్థలు ఎక్కించుకోవు. ఆరు నెలలు నిండని పసిబిడ్డనూ అంతే.

ఇక వేముల నుంచి పోయేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. కదిరి మీదుగా బెంగళూరు దేవనహళ్ళి విమానాశ్రయానికి కారులో చేరి, అర్ధరాత్రి విమానం ఎక్కి, తెల్లారి సింగపూర్‌లో దిగి, ఆ మధ్యాహ్నమే ఓడ పట్టుకునే టూర్లు అమ్ముతున్నారు. ఒక రాత్రి హోటలు ఖర్చు మిగులుతుందని మనమూ సంతోషంగా ఒప్పుకుంటున్నాం. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు. బయల్దేరే సమయానికి గంట, గంటన్నర ముందే తలుపులు మూసేస్తారు. విడివిడిగా కొన్న టికెట్లయితే విమాన సంస్థ ఓడ డబ్బు ఇవ్వదు, ఓడ సంస్థ విమానం కథ వినదు. ఒకరోజు ముందే చేరండి. ఆ రాత్రి హోటలు ఖర్చు దండగ కాదు. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. టెర్మినల్‌లో ఇచ్చేసిన సూట్‌కేసు మీ గదికి సాయంత్రానికి గానీ రాదు.

పేర్ల దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా కష్టం ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఏజెంటు పొడి అక్షరం ఒక్కటే రాసి టికెట్టు తీస్తాడు. లేదా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. విమానం టికెట్టు, ఓడ టికెట్టు, వీసా, మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ అరైవల్ కార్డు ఉచితం. చేరే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో మీరే నింపుకోవచ్చు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా మోసమే. ఓడ మీద తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి.

కంపెనీ టూరైనా సరే, సొంత టూరైనా సరే, చివరి విడత డబ్బు కట్టేముందు ఏజెంటును మూడు కాగితాలు అడిగి చేతిలో పెట్టుకోండి: ఓడ పేరుతో ఉన్న ప్రయాణపట్టిక, ప్రవేశాలు ఎన్నో రాసి ఉన్న వీసా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో చెప్పే నిబంధనలు. “అవన్నీ మేం చూసుకుంటాం సార్” అంటే ఆ రోజు డబ్బు కట్టకండి.