ఒక్క కణానికి రంగు మార్చడం: వెనక్కి రాని ఎరుపు

పోయిన ఎపిసోడ్‌లో కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఎలా పనిచేస్తుందో చూశాం కదా. ఇవాళ అదే మైక్రోస్కోప్ లేజర్‌తో, వందల కణాల్లో మనకు కావలసిన ఒక్క కణానికి రంగు మార్చి, అది ఎటు పోతుందో ఎలా గమనిస్తారో చెప్తాను. ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి.

పరిశోధనలో చేరిన కొత్త. జీబ్రాఫిష్ పిండాన్ని కదలకుండా అగరోజ్‌లో పెట్టి, ఐపీస్‌లో కళ్ళు పెట్టి చోటు వెతుకుతున్నాను. చూడ్డానికి వేసుకున్నది ఊదా రంగు దీపం. చోటు దొరికేసరికి, లేజర్ ఇంకా ముట్టుకోకుండానే, పిండం మొత్తం ఎర్రబడిపోయింది! వారం రోజుల పని పోయింది.

ఎందుకలా అయింది? ఆ కణాల్లో ఉన్నది కయెడె అనే ప్రోటీన్. జపాన్‌లోని రికెన్ సంస్థలో అత్సుషి మియావాకి బృందం ఒక పగడపు జీవి నుంచి దీన్ని తీసి, 2002లో ప్రకటించింది. కయెడె అంటే జపనీస్‌లో మేపుల్ చెట్టు. దాని ఆకుల్లాగే ఇదీ ఆకుపచ్చ నుంచి ఎరుపవుతుంది. ఊదా కాంతి తగిలితే ప్రోటీన్ లోపల హిస్టిడిన్ దగ్గర గొలుసు తెగి, కాంతినిచ్చే భాగం పొడవవుతుంది. అందుకే 518 నానోమీటర్ల దగ్గరుండే వెలుగు 582కి జరుగుతుంది. తెగిన గొలుసు మళ్ళీ అతుక్కోదు. అంటే ఇది వెళ్ళడమే తప్ప రావడం లేని దారి అన్నమాట.

మరి ఎలా చెయ్యాలి? వెతకడానికి మామూలు తెల్లని వెలుతురు వాడండి. తర్వాత 488 లేజర్‌తో ఆకుపచ్చ బొమ్మ, 561తో ఎరుపు బొమ్మ తీసి పెట్టుకోండి. ముందే ఎంత ఎరుపుందో తెలియాలి కదా! ఆపైన కణం చుట్టూ గీత గీసి, 405 లేజర్‌ని తక్కువ పవర్‌లో కొద్దికొద్దిగా వెయ్యండి. ప్రతిసారీ బొమ్మ తీసి చూడండి. ఆకుపచ్చ తగ్గుతూ ఎరుపు పెరుగుతుంటే సరే. ఆకుపచ్చ తగ్గినా ఎరుపు పెరగకపోతే, ప్రోటీన్ మారడం లేదు, మాడిపోతోంది. అక్కడితో ఆపెయ్యండి.

ఇంకో చిక్కుంది. మనం గీత గీసేది అడ్డంగా, నిలువుగా మాత్రమే. లేజర్ లోతులోకి కూడా పోతుంది కాబట్టి పైనా కిందా ఉన్న కణాలు కూడా ఎర్రబడొచ్చు. పొరలు పొరలుగా బొమ్మలు తీసి, ఎర్రబడింది ఒక్కటేనని తేల్చుకోండి. లేకపోతే రేపు "ఈ కణం అక్కడికి వెళ్ళింది" అని మీరు చూపించేది పక్క కణం కావచ్చు.

చివరగా, 405 కాంతి కణానికి హాని చెయ్యగలదు. కయెడె లేని పిండానికి కూడా అంతే మోతాదు వేసి, మామూలుగా పెరుగుతోందో లేదో చూడండి. ఆ పోలిక లేకుండా ఎరుపుని నమ్మకండి.